చిక్కు విప్పే చేతులు: వలలోనూ మగ్గంలోనూ పోగుల వరుస - జువ్వలదిన్నె తీరం నుంచి ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అనేక పోగులతో చేసే ప్రతి చేతిపనికీ ముందుగా తీర్చవలసిన సమస్య ఒకటుంది: పోగులు ఒకదానితో ఒకటి చిక్కుపడకుండా చూడటం. మత్స్యకారుల వల పనిలోనూ చేనేతలోనూ ఈ సమస్యకు తెలుగువారు కనుగొన్న పరిష్కారాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పని చేసిన చేతులకు కంపెనీ లెక్కల నుంచి నేటి సంక్షేమ పథకాల వరకూ దక్కిన స్థానమేమిటో చర్చిస్తుంది.

కీలకపదాలు: చిక్కు, వల, పడుగు, ఆసు, పుంజం, జాందానీ, అనుబంధ వృత్తులు, జువ్వలదిన్నె, వెంకటగిరి.

ఉపోద్ఘాతం

తెలుగులో "చిక్కు" అనే మాట రెండు వైపులా పదునున్నది. చేప వలకు చిక్కుతుంది, వల చిక్కుపడుతుంది. మొదటిది కుటుంబానికి తిండి, రెండోది ఒక రోజు వేట నష్టం. ఒకే మాట లాభానికీ నష్టానికీ చెల్లడం భాషలో యాదృచ్ఛికం కావచ్చు గానీ, వలను దగ్గరగా చూసినవారికి అందులో వృత్తిసత్యం కూడా కనిపిస్తుంది. చేపను చిక్కించుకొనవలసిన వల తనలో తాను చిక్కుకోకూడదు. ఆ రెండింటి మధ్య తేడాను నిలబెట్టేది వల దారం కాదు, దాన్ని మడిచి పేర్చిన వరుస.

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, కావలికి చేరువలో ఉన్న జువ్వలదిన్నె బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం. ఇటీవలి కాలంలో ఈ పేరు పత్రికలలో తరచు కనిపించడానికి కారణం అక్కడి చేపలరేవు. 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం నాడు, ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవులతో పాటు దీనికీ శంకుస్థాపన జరిగింది. రేవు గురించి రాసినవారు అందులో నిలిచే పడవల సంఖ్యను, పెట్టిన ఖర్చును, ఎగుమతి అవకాశాలను రాశారు. అది సహజమే. అయితే పడవ సముద్రంలోకి పోవడానికి ముందు ఒడ్డున జరిగే ఒక పని ఉంది. దానికి వేటలో లెక్క లేదు, అమ్మకంలో లెక్క లేదు. ఈ వ్యాసం ఆ పని గురించి. దాన్ని అర్థం చేసుకోవడానికి తీరం నుంచి లోపలికి, నేతవాడల దాకా కూడా వెళ్ళవలసి ఉంటుంది. ఎందుకంటే పోగులను వరుసలో ఉంచే విద్య మత్స్యకారుడికీ నేతకారుడికీ ఉమ్మడి విద్య. మన వృత్తిచరిత్రలు ఈ ఇద్దరినీ వేర్వేరు అధ్యాయాలలో ఉంచడం వల్ల ఆ ఉమ్మడితనం మరుగున పడింది.

వల: గోడలా నిలిచి, కుప్పగా ఒదిగి

తెర్రువలగా సముద్రంలో నిలిచే వలను ఊహించుకుందాం. పైతాడుకు తేలే బెండ్లు, అడుగుతాడుకు మునిగే బరువులు ఉంటాయి. వాటి మధ్య వందల గజాల పొడవున కన్నులు పరచుకుని ఉంటాయి. నీటిలో అది గోడలా నిలుస్తుంది. తల దూర్చిన చేప మొప్పల దగ్గర ఆగిపోతుంది. అదే వల పడవలోకి వచ్చేసరికి గోడ కాదు, కుప్ప. గోడను కుప్పగా, కుప్పను మళ్ళీ గోడగా మార్చగలగడంలోనే వల పని అంతా ఉంది.

దీనికి మత్స్యకారులు పాటించే సూత్రం చూడటానికి చాలా తేలిక. లాగుతున్నప్పుడు బెండ్ల తాడును ఒక పక్కకు, బరువుల తాడును మరో పక్కకు వేరుచేసి మడతమీద మడతగా పేర్చుతారు. చివరగా పైకి వచ్చిన మడత మళ్ళీ వేసేటప్పుడు మొదట నీటిలోకి దిగుతుంది. రెండు తాళ్ళూ ఒకదానినొకటి దాటనంతవరకూ మధ్యనున్న వేల కన్నులు తమంతట తాము సర్దుకుంటాయి. ఒక్కసారి దాటితే మాత్రం, చీకటిలో, కెరటం మీద ఊగే పడవలో, ఆ ముడిని వెతికి విప్పడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అందుకే వల సర్దడం తొందరపాటు మనిషికి అప్పగించే పని కాదు.

వల అల్లికలోనూ ఇదే జాగ్రత్త. చదునైన వెదురు పుల్లకు దారం చుట్టి, ఒక చిన్న పలక మీదుగా కన్ను కొలత సమంగా ఉంచుతూ ముడులు వేస్తారు. కన్ను పరిమాణాన్ని వేళ్ళతో చెప్పడం వాడుక. పుల్లకు పట్టినంత దారమే చుట్టాలి. ఎక్కువ చుడితే కన్నులోంచి దూరదు, ఉండగా వదిలేస్తే చిక్కుపడుతుంది. అంటే దారాన్ని తక్కువ తక్కువగా పంచుకుని పని చేయడమే ఇక్కడి మొదటి మెలకువ. వల చినిగినచోట బాగుచేసే మనిషి ముందుగా చేసేది కుట్టడం కాదు, కోయడం. తెగిన పోగులను కత్తిరించి, మంచి కన్ను ఎక్కడ మొదలవుతుందో తేల్చుకుని, అక్కడి నుంచి వరుస అందుకోవాలి. కన్నుల లెక్క ఒక్కటి తప్పినా వల ఆ మూల ముడుచుకుపోతుంది.

నూలు, జనుము దారాల కాలంలో ఈ పనికి మరో అంచె ఉండేది. తడి వల కుళ్ళిపోతుంది కనుక దాన్ని ఒడ్డున విప్పి ఆరబెట్టాలి. అప్పుడప్పుడు చెట్టుబెరడు కషాయంలో ముంచి గట్టిపరచాలి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ వలంతా కంటిముందు పరచుకునేది. చిరుగు కనబడేది, ముడి కనబడేది. భారతదేశంలో నైలాను వలల వ్యాప్తి 1950ల తర్వాతి మాట. 1952లో కుదిరిన ఇండో-నార్వే ఒప్పందం కింద కేరళలో మొదలైన ప్రాజెక్టుకూ, 1957లో కొచ్చిలో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధనలకూ ఇందులో పాత్ర ఉంది. నైలాను కుళ్ళదు. ఆరబెట్టవలసిన అగత్యం తప్పింది. యంత్రం మీద అల్లిన వల బజారులో దొరకసాగింది. దాంతో ఇంటి అరుగుమీద వల అల్లే పని సన్నగిల్లింది. మిగిలినది తాళ్ళు కట్టడం, బాగుచేయడం, చిక్కు తీయడం. అంటే కొత్త సాంకేతికత అల్లికను యంత్రానికి ఇచ్చి, చిక్కును మాత్రం మనిషికే వదిలిపెట్టింది. ఒంటిపోగు నైలాను వలలు వచ్చాక ఆ చిక్కు మరింత మొండిదైంది. సన్నని, జారే, కంటికి ఆనని ఆ దారం చేపకు కనబడకపోవడం దాని గుణమైతే, విప్పేవారికి కనబడకపోవడం దాని దోషం.

మద్రాసు ప్రభుత్వం 1905లో ఫ్రెడరిక్ నికల్సన్ చేతికి మత్స్య పరిశోధనను అప్పగించింది. ఆయన తర్వాత వచ్చిన జేమ్స్ హార్నెల్ కోరమాండల్ తీరపు వేట పద్ధతులను శ్రద్ధగా నమోదు చేశాడు. తెప్పల నిర్మాణం, వలల రకాలు, పట్టే చేపలు వంటి అంశాలపై ఈనాటికీ ఆ రచనలు ఆధారాలే. వాటి చూపు వస్తువు మీద ఉంది. వస్తువును ప్రతిరోజూ పనికివచ్చే స్థితిలో నిలిపే ఒడ్డు పని ఆ చూపుకు అంచున ఉండిపోయింది.

పడుగు: వరుసను దాచిపెట్టే అడ్డదారి

వలలో పోగు ఒకటే, కన్నులు వేలు. మగ్గంలో పోగులే వేలు. చీరకైనా పంచకైనా పడుగులో ఉండే ప్రతి పోగుకూ ఒక స్థానం ఉంది. ఆ స్థానం చివరిదాకా మారకూడదు. పడుగు పోయడం నుంచి గంజి పెట్టడం దాకా, కుంచెతో దువ్వడం నుంచి అచ్చులోకి ఎక్కించడం దాకా ఎన్ని చేతులు మారినా, నాలుగు వందలో పోగు నాలుగు వందలో పోగుగానే ఉండాలి.

ఇది సాధించే ఉపాయం ఎంత సాదాదో అంత గొప్పది. పడుగు పోసేటప్పుడే పోగులను ఒకటి కుడినుంచి, ఒకటి ఎడమనుంచి గుంజల మధ్య పోనిస్తారు. అందువల్ల ఒకచోట సరిపోగులూ బేసిపోగులూ కత్తెరలా ఒకదానినొకటి దాటుతాయి. ఆ దాటినచోటికి అటూ ఇటూ రెండు కర్రలు దూర్చుతారు. ఇక పడుగును చుట్టచుట్టి మోసుకుపోయినా, ఊరి బయట చెట్ల నీడన బారుగా చాపి గంజి పట్టించినా, వరుస చెడదు. పోగు తెగితే దాని చోటు ఎక్కడో ఆ కర్రల దగ్గర వెతుక్కోవచ్చు. కర్రలు జారిపోతే మాత్రం అంత పడుగూ నూలుకుప్ప. మత్స్యకారుడు రెండు తాళ్ళను దాటనివ్వకుండా వరుసను కాపాడితే, నేతకారుడు పోగులను ఉద్దేశపూర్వకంగా దాటించి కాపాడాడు. దారులు ఎదురెదురు, గమ్యం ఒకటే.

పడుగు పోయడం నడకతో చేసే పని. గుంజల వరుసల మధ్య కండెలు పట్టుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరగాలి. "ఆసులో కండెలా తిరగడం" అన్న జాతీయం నేటికీ వాడుకలో ఉంది. క్షణం నిలవకుండా తిరిగే మనిషిని గురించి ఆ మాట అంటాం. ఆ తిరుగుడు ఎంతో లెక్కకట్టి చూడవచ్చు. ఉత్తర సర్కారులలో కంపెనీ కొన్న పొడుగు బట్టలను "పుంజం" లెక్కన పిలిచేవారు. ఒక పుంజం అంటే 120 పడుగుపోగులు. పద్నాలుగు పుంజాల బట్ట అంటే పడుగులో 1,680 పోగులు. బట్ట పొడవు వాడుకగా 36 మూరలు, అంటే 18 గజాలు. ఈ పోగులన్నీ పరవాలంటే మొత్తం 30,240 గజాల నూలు, దాదాపు 27 కిలోమీటర్లు. చేతికొక కండె చొప్పున ఒక్కో విడతకు రెండు పోగులు పోసినా నడక 13 కిలోమీటర్లకు తగ్గదు. ఇది ఒక్క బట్టకు, అదీ ముతక రకానికి. ఈ నడక సాధారణంగా ఇంటి ఆడవారిది, పిల్లలది.

పుంజం: లెక్కలోకి వచ్చినదీ రానిదీ

పుంజం అన్న మాటకు సంస్కృతంలో రాశి అని అర్థం. నేతవాడలో అది రాశి కాదు, లెక్కపెట్టి కట్టిన కట్ట. వేల పోగులను ఒక్కొక్కటిగా లెక్కించడం అసాధ్యం కనుక 120 దగ్గర ఆపి, వేరుగా ఉంచి, మళ్ళీ మొదలుపెడతారు. లెక్క తప్పకుండా ఉండటానికి చేసిన విభజనే చిక్కు పడకుండా ఉండటానికీ పనికివస్తుంది. ఈ వ్యాసానికి ఇది ముఖ్యమైన విషయం. నేతలో లెక్క వేరు, సర్దుబాటు వేరు కావు. వరుస తప్పని పడుగునే లెక్కపెట్టగలం, లెక్కపెట్టిన పడుగునే వరుసలో ఉంచగలం.

తూర్పు ఇండియా కంపెనీ ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే గ్రహించింది. ఇంజరం, మాదపోళం, విశాఖపట్నం ఫ్యాక్టరీల కొనుగోళ్ళలో పుంజాల సంఖ్య బట్ట నాణ్యతకూ ధరకూ కొలబద్ద అయింది. మాదపోళం పేరు ఐరోపాలో ఒక బట్టరకానికే పేరుగా నిలిచింది. తెచ్చిన బట్టను నమూనాతో పోల్చి మొదటి రకం, రెండో రకం అంటూ విడదీసేవారు. కింది రకంలో పడితే ధర తెగ్గోత. పోగులు తగ్గినా, తెగి అతికినా, నేత పలచబడినా నష్టం నేతకారుడిదే. పడుగు పోసేచోట జరిగిన చిన్న పొరపాటు కొనుగోలు బల్ల మీద రూపాయల్లో బయటపడేదన్నమాట.

దక్షిణాది నేతకారుల చరిత్రను మధ్యయుగాలకు సంబంధించి విజయ రామస్వామి, 18వ శతాబ్దానికి సంబంధించి ప్రసన్నన్ పార్థసారథి, ఉత్తర కోరమాండల్‌కు సంబంధించి పి. స్వర్ణలత విస్తారంగా రాశారు. 18వ శతాబ్ది చివరిలో గోదావరి ప్రాంతపు నేతకారులు కంపెనీ కొనుగోలు పద్ధతిపై తిరగబడిన వైనం స్వర్ణలత పరిశోధనలో వివరంగా ఉంది. ఆ తిరుగుబాట్లలో ధర, బయానా, కొలత, దుబాసీల దౌర్జన్యం వాదవస్తువులు. అర్జీ మగ్గం పేరున, మగ్గం నేతకారుడి పేరున నడిచాయి. పడుగు పోసిన చేయి అర్జీదారు కాలేదు. 1800 ప్రాంతపు దక్షిణాది కంపెనీ చిత్రాలలో మాత్రం, వింతగా, నేతకారుడి పక్కన భార్య కూడా కనిపిస్తుంది, చేతిలో నూలుతోనో పక్కన రాట్నంతోనో. చిత్రకారుడికి కనిపించినది గుమాస్తాకు కనిపించలేదు.

వెంకటగిరి: వేలాడే కండెలు

2022 జిల్లాల పునర్విభజన వరకూ నెల్లూరు జిల్లాలో భాగమైన వెంకటగిరిలో ఈ విద్య మరో మెట్టు ఎక్కింది. వెలుగోటివారి ఆదరణలో పెరిగిన ఇక్కడి నేతకు సన్నని నూలు, జరీ, జాందానీ పద్ధతి గుర్తులు. జాందానీలో బుటా నేతతో పాటే పుడుతుంది. మామిడిపిందె, చిలుక, నెమలి ఏదైనా, ప్రతి బుటాకూ విడిగా చిన్న కండె కావాలి. చీర అడ్డంగా పది బుటాలుంటే పది కండెలు. ఒక్కో బుటాలో రెండు రంగులుంటే ఇరవై. నేలపేక నాడెతో ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. కండెలు మాత్రం తమతమ బుటాల మీదే ఆగి, లెక్కపెట్టిన పడుగుపోగుల కింద దూరి పైకి వస్తాయి.

ఇన్ని దారాలు ఒకేసారి బట్టమీద ఉన్నా ఎందుకు పెనవేసుకోవు? దీనికి జవాబు పనిముట్టులో లేదు, అలవాటులో ఉంది. ప్రతి కండెలో అవసరమైనంత దారమే ఉంటుంది. కండె పని ముగిశాక పొరుగు కండెను దాటకుండా తన స్థానంలోనే ఉంచుతారు. అన్నిటినీ ఒకే దిశలో తిప్పుతారు. వరుసలో ఎడమనుంచి మొదలుపెడితే మళ్ళీ ఎడమనుంచే. రంగుదారాలతో అల్లికలు, కుట్టుపనులు చేసేవారెవరికైనా ఈ మూడు సూత్రాలూ పరిచయమైనవే. ఢాకా జాందానీని యునెస్కో 2013లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఇద్దరి కండెలూ కలిసిపోకుండా బుటాలను పంచుకోవడం వారి అమరిక. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. విద్యార్థి అక్కడ నూలు నంబర్లను, అద్దకాన్ని పుస్తకంలో చదువుకోగలడు. కండెను ఏ చేతితో ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మగ్గం పక్కన కూర్చుని చూస్తేనే పట్టుబడుతుంది.

లక్ష్మి ఆసు: నొప్పికి వచ్చిన గుర్తింపు

ఈ పనికి ఎంత శరీరశ్రమ అవసరమో చరిత్రలో స్పష్టంగా నమోదైన సందర్భం తెలంగాణలో దొరుకుతుంది. పోచంపల్లి పద్ధతిలో నూలును ముందే ముడివేసి రంగు అద్దుతారు కనుక, పోగుల వరుస రంగుకన్నా ముందే నిలబడాలి. దానికోసం అర్ధవృత్తాకారంలో పేర్చిన మేకుల మీదుగా దారాన్ని చేతితో అటూ ఇటూ పోయడమే అక్కడి ఆసు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజాల నొప్పిని చూసి, ఏళ్ళతరబడి ప్రయత్నించి 1999లో ఆసుయంత్రాన్ని తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను మనం సాధారణంగా ఆవిష్కర్త కథగా చెప్పుకుంటాం. చరిత్ర విద్యార్థి దీన్ని మరోవైపు నుంచి చదవాలని నా అభిప్రాయం. యంత్రం వచ్చేవరకూ ఆ 9,000 కదలికలను ఎవరూ లెక్కపెట్టలేదు. యంత్రం అవసరమని చెప్పడానికి లెక్క అవసరమైంది, అప్పుడు ఆ శ్రమ అంకెగా మారింది.

మగ్గం లెక్క, పడవ లెక్క

మరియా మీస్ 1982లో ప్రచురించిన నర్సాపురం లేసు అల్లిక స్త్రీల అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ దారిచూపుతుంది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న స్త్రీలను గృహిణులుగానూ, వారి పనిని తీరికవేళ కాలక్షేపంగానూ పరిగణించినందువల్లనే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె చూపింది. లేసులో కనీసం తుది వస్తువు స్త్రీ చేతిలో పుడుతుంది. పడుగు సర్దినవారి చేతిలో, వల చిక్కు తీసినవారి చేతిలో కొత్త వస్తువేదీ పుట్టదు. చెడిపోవలసినది చెడకుండా ఉంటుంది, అంతే. చెడకపోవడాన్ని కొలిచే కొలమానం మన గణాంకాలలో అరుదు.

2019-20లో జరిగిన నాల్గవ అఖిల భారత చేనేత గణన ఒక మంచి పని చేసింది. సుమారు 35.22 లక్షల మంది చేనేత శ్రామికులలో 26.73 లక్షల మందిని నేతకారులుగా, 8.48 లక్షల మందిని అనుబంధ వృత్తులవారిగా విడిగా చూపింది. పడుగు పోసేవారు, కండెలు చుట్టేవారు, గంజి పెట్టేవారు, అచ్చు అతికేవారు ఈ రెండో వర్గంలోకి వస్తారు. దేశంలో ప్రతి నలుగురు చేనేత శ్రామికులలో దాదాపు ఒకరు మగ్గం మీద కూర్చోనివారే. కానీ అదే 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నేతన్న నేస్తం పథకం ఏటా 24,000 రూపాయల సాయానికి సొంత మగ్గాన్ని అర్హతగా పెట్టుకుంది. వేటనిషేధ కాలపు భృతి కూడా పడవ మీద వేటకు వెళ్ళేవారిని ఉద్దేశించినది. పథకాలను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఏ పథకానికైనా ఒక హద్దు కావాలి. అయితే ఆ హద్దు కంపెనీ గుమాస్తా గీసినచోటే, మగ్గం దగ్గరే, పడవ దగ్గరే, రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా పడటం గమనించదగినది.

తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. పడవలు ఒడ్డున ఉన్నంతకాలం వలలు చేతుల్లో ఉంటాయి. చేపలరేవు నమూనాలలో వేలంశాల, మంచు కర్మాగారాలతో పాటు వలల మరమ్మతు షెడ్డు కూడా ప్రామాణిక అంగమే. పరిశోధకుడు జువ్వలదిన్నె వంటి రేవుకు వెళితే వేలంశాలకు ముందుగా అక్కడికి వెళ్ళడం మంచిది, అదీ ఈ 61 రోజులలో. అడగవలసినవి పెద్ద ప్రశ్నలు కావు. మడతలో ఏ తాడు ఏ పక్క ఉంటుంది? విప్పలేని ముడిని ఏమంటారు, విప్పదగిన ముడిని ఏమంటారు? ఎప్పుడు కోసేస్తారు? ఈ పని ఎవరు ఎవరికి నేర్పారు, దీనికి కూలి రోజుకు ఇస్తారా, వలకు ఇస్తారా, అసలు ఇస్తారా? భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోనూ, రెండో సంపుటం చేనేత పదాలతో 1971లోనూ వెలువడ్డాయి. ఆ సంపుటాలకోసం పదాలు సేకరించినవారు చేసిన పని ఇదే: పనివాడి పక్కన కూర్చుని, చేతిలో ఉన్నదాన్ని చూపించి, దీన్నేమంటారని అడగడం.